ఆ సూప్ చేసింది నేనే

నా మాట ఇంతవరకూ ఎవరూ వినిపించుకోలేదు. ఫోన్లో చెప్పాను. ప్రార్థన కూడిక అయ్యాక గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నవాళ్ళని ఆపి చెప్పాను. ఒకసారి ఇక్కడ సిడ్నీలో పారమట్టా స్టేషన్ మెట్ల మీద ఒకాయన్ని నిలబెట్టి, ఆయన ఎక్కాల్సిన రైలు వెళ్ళిపోయేదాకా చెప్పాను. విన్నవాళ్ళందరూ ఒకటే పని చేశారు. నా భుజం మీద చెయ్యి వేసి "ధైర్యంగా ఉండండి బ్రదర్" అన్నారు. నేను ఎవరినీ ధైర్యం అడగలేదు. ఒక ప్రశ్న అడిగాను. భుజం తట్టించుకోవడం నాకు చాలయింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

విషయం ఇది. నా భార్య ఆస్పత్రిలో ఉన్న చివరి నెలల్లో నోటికి హితవుగా తీసుకున్నది ఒక్క చైనీస్ హాట్ అండ్ సోర్ సూప్. ఆ సూప్ రోజూ చేసింది నేను. తాగించింది మా వదిన, అంటే మా ఆవిడకి సొంత అక్క. చేసింది కూడా వదినే అని ఈ ఊళ్ళో తెలుగువాళ్ళందరూ అనుకుంటున్నారు. ఆ కోపం నాకు ఉంది, లేదనను. కానీ నా ప్రశ్న అది కాదు. చేసింది నేనని మా ఆవిడకి తెలుసా, తెలియకుండానే వెళ్ళిపోయిందా? ఇది చెప్పగలిగిన మనిషి వదిన ఒక్కరే. ఆవిడ చెప్పడం లేదు.

మాకు పెళ్ళయిన కొత్తలో బెజవాడలో ఒక చైనీస్ హోటల్‌కి వెళ్ళాం. బట్టల కొట్టు పైన, మేడ మీద ఉండేది. పట్టపగలే చీకటి చేసి ఎర్ర కాగితపు దీపాలు వేలాడదీశారు. నాకు ఆకలి దంచేస్తోంది, కింద సందులో మంచి భోజన హోటల్ ఉంది, అక్కడికి పోదామన్నాను. తను వినలేదు. వాళ్ళ అక్క నర్సు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి ఇక్కడికి తీసుకొచ్చిందట. అప్పటినుంచీ ఆ సూప్ మీదే మనసు.

తెల్ల గిన్నెల్లో ముదురు గోధుమరంగు సూప్ వచ్చింది. సన్నగా తరిగిన క్యాబేజీ, క్యారెట్, పైన దారాల్లా తేలే గుడ్డు. పులుపూ మిరియాల ఘాటూ ముక్కుకి తగులుతున్నాయి. అది చాలక, బల్ల మీద సీసాలో వెనిగర్‌లో నానిన పచ్చిమిరప ముక్కల్ని మూడు నాలుగు చెంచాలు కుమ్మరించుకుంది. గుంటూరు మనిషి కదా. ముక్కు కారుతుంటే చెంగుతో తుడుచుకుంటూ, కళ్ళ నీళ్ళతో నవ్వుతూ తాగింది. ఆ పింగాణీ చెంచాని ఎటు పట్టుకోవాలో తెలియక నేను తిప్పుతూ ఉంటే, వడ్డించేవాడు వచ్చి "సార్‌కి మామూలు స్పూను తెమ్మంటారా మేడమ్?" అని నన్ను వదిలేసి తనని అడిగాడు. వాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఎనభైల చివర్లో సిడ్నీ వచ్చాం. వదిన అప్పటికే ఇక్కడ ఒక పెద్ద ఆస్పత్రిలో నర్సు. మమ్మల్ని రప్పించింది ఆవిడే. ఆ మేలు నేను మరిచిపోలేదు, మరిచిపోయే అవకాశం కూడా ఎవరూ ఇవ్వలేదు. విమానాశ్రయానికి మా తోడల్లుడు కారు తెచ్చాడు. అక్కచెల్లెళ్ళు కబుర్లు చెప్పుకోవాలని ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. డిక్కీలో పట్టని పెట్టె నా ఒళ్ళో పెట్టారు. ఇల్లు చేరేదాకా ఆ పెట్టె మీద గడ్డం ఆనించి ఆస్ట్రేలియా చూశాను. భోజనాల దగ్గర తోడల్లుడు, "మా తమ్ముడికి కాఫీ కలుపుకోవడం కూడా రాదంట, ఇక్కడ ఎట్టా బతుకుతాడో ఏమో" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడా నవ్వింది. తరవాత గదిలో అడిగితే, "నిజమే కదండీ" అంది.

నిజమే. మా ఇంట్లో మగవాళ్ళు వంటింటి గడప దాటేవాళ్ళు కాదు. నేను అక్కడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినవాణ్ణి. ఇక్కడ ఆ చదువు చెల్లదన్నారు. కార్లకి ప్లాస్టిక్ సామాను పోత పోసే ఫ్యాక్టరీలో, మధ్యాహ్నం షిఫ్టులో పని దొరికింది. పారమట్టాకి దగ్గరలో ఒక పాత యూనిట్, అంటే ఫ్లాట్, అద్దెకి తీసుకున్నాం. మొదటి జీతానికి మా ఆవిడ అడిగింది చీర కాదు, ఆ సూప్.

చర్చి స్ట్రీట్‌లో ఒక చైనీస్ హోటల్ ఉండేది. అక్కడ తెచ్చిపెట్టిన సూప్‌లో సోయా పాలగడ్డ ముక్కలు, నల్లటి పుట్టగొడుగు పీలికలు, పంది మాంసం తేలుతున్నాయి. పులుపు వెనకాల ఏదో తీపి. తను రెండు చెంచాలు తాగి గిన్నె నా వైపు జరిపింది.

"ఇది అది కాదండీ."

హోటల్ పెద్దావిడ వచ్చి, ఏమైందని అడిగింది. నేను నా ఇంగ్లీషులో చెప్పాను, మా ఊళ్ళో సూప్ వేరేగా ఉంటుందని. మా వైపు చూసి, "మై సూప్ ఈజ్ రియల్" అని గిన్నె తీసుకుపోయింది. బయటికొచ్చాక తను నవ్వు ఆపుకోలేకపోయింది.

"నిజమైంది నాకెందుకండీ? నాకు మన బెజవాడ చైనా కావాలి."

నేను ఎప్పుడో ఒకప్పుడు చేసి పెడతానన్నాను. "మీరా?" అంది. ఆ "మీరా" కూడా నాకు గుర్తుంది, కానీ అది నేను కోపంతో దాచుకున్నది కాదు.

ఆ తరవాతి చలికాలంలో జబ్బు బయటపడింది. దాని పేరు నేను రాయను, మా ఇంట్లో మేమెప్పుడూ పలకలేదు. ఆస్పత్రిలో కొన్ని వారాలు మందు ఎక్కించడం, ఇంటికి పంపడం, మళ్ళీ రమ్మనడం. ఆ మందుకి నోరు చచ్చిపోయింది. అన్నం పెడితే ఇసకలా ఉందనేది, నీళ్ళు ఇనుపరేకు నాకినట్టు ఉన్నాయనేది. ఆస్పత్రిలో మెత్తగా మెదిపిన గుమ్మడికాయ, బంగాళాదుంప, ఎర్రటి జెల్లీ పెట్టేవాళ్ళు. ట్రే ఎలా వచ్చిందో అలాగే పోయేది. ఒకసారి ఇంటికి పంపినప్పుడు అడిగాను, ఏం తినాలనుందని.

"ఆ సూప్ అయితే తెలుస్తుందేమో. పుల్లగా, కారంగా. తెలిసినా తెలియకపోయినా ముక్కన్నా కారుతుంది."

అలా మొదలుపెట్టాను. నాకు తెలిసిన పులుపు చింతపండు. తెలిసిన సూప్ చారు. చిన్నప్పుడు అమ్మ వెనక నిలబడి చూసిన జ్ఞాపకంతో చింతపండు పిసికి, మిరియాలు దంచి వేసి, సోయా సాస్ పోసి, క్యాబేజీ వేసి ఉడకబెట్టాను. ఏదో తక్కువైనట్టు అనిపించింది. నూనె కాచి ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు వేసి పోపు పెట్టాను. ఆ చప్పుడు విని తను దుప్పటి కప్పుకునే లేచి వచ్చి, స్టవ్ పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఒక్క చెంచా నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుంది.

"ఏవండీ, చారుకి చైనా చొక్కా తొడిగారు."

"తాగు, వేడిగా ఉంది."

"పోపు పెట్టకుండా ఉండలేరా మీరు? చైనావాళ్ళ నెత్తిన కూడా ఆవాలు చల్లాలా?"

నవ్వి నవ్వి దగ్గొచ్చి, గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. జబ్బు మొదలయ్యాక తను అంత నవ్వడం అదే. నాకు మాత్రం రోషం వచ్చింది. నేర్చుకుని తీరాలనుకున్నాను.

వారం తిరక్కుండా జ్వరం వచ్చి మళ్ళీ ఆస్పత్రిలో చేర్చారు. ఈసారి ఇంటికి ఎప్పుడు పంపుతారో చెప్పలేదు. తను ఇంట్లో లేని పొద్దుల్లో నేను సూప్ నేర్చుకున్నాను.

మా ఫ్యాక్టరీలో నా పక్క మెషిన్ మీద చేసే అతను కాబ్రమట్టా అనే పేటలో మంచి చైనా కొట్లు ఉన్నాయన్నాడు. రైల్లో వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఉన్న ముసలావిడ నా తరవాత వచ్చినవాళ్ళందరికీ సామాన్లిచ్చి, చివరికి నా వైపు చూసింది. ఏ సూప్‌కని అడిగింది. చెప్పాను. నల్ల వెనిగర్ సీసా తీసి పెట్టింది. నాకు తెల్లది కావాలన్నాను. తల అడ్డంగా ఊపింది. నేనూ ఊపాను. ఆవిడ నాకు తెల్ల వెనిగర్ అమ్మింది గానీ, సంచిలో వేసి ఇవ్వలేదు. రెండు సోయా సాస్ సీసాలూ వెనిగరూ చేతుల్లో పట్టుకుని రైలెక్కాను.

మొదట్లో కార్న్‌ఫ్లోర్ మరుగుతున్న నీళ్ళలోనే వేశాను, ఉండలు కట్టింది. గుడ్డు ఒక్కసారే పోశాను, అట్టు ముక్కల్లా విరిగింది. వెనిగర్ ముందే పోసి మరిగించాను, ఇల్లంతా పులుపు వాసన తప్ప గిన్నెలో పులుపు లేదు. క్రమంగా చెయ్యి కుదిరింది. కోడి ఎముకలు ఉడికించి నీళ్ళు వడగట్టాలి. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిరపకాయ కంటికి కనబడనంత సన్నగా తరగాలి. కూరగాయలు ఉడికీ ఉడకనట్టు ఉండగానే సోయా సాస్ వెయ్యాలి; ముదురు సాస్ రంగుకి కొంచెం, పల్చటిది రుచికి. చల్లటి నీళ్ళలో కలిపిన కార్న్‌ఫ్లోర్ పోసి, చిక్కబడ్డాక గుడ్డుని సన్నటి ధారగా వదులుతూ గరిటె ఒకే వైపు తిప్పాలి. వెనిగర్, మిరియాల పొడి స్టవ్ ఆపేశాకే. పోపు పెట్టకూడదు. నూనె గరిటె వైపు నా చెయ్యి దానంతట అదే పోయేది. ఆపుకునేవాణ్ణి.

ఒక పొద్దున రుచి చూస్తే నోట్లో బెజవాడ తగిలింది. ఎర్ర దీపాలు, చెంగుతో ముక్కు తుడుచుకోవడం, అన్నీ. స్టవ్ దగ్గర ఒక్కణ్ణే నిలబడి ఉన్నాను. చెప్పడానికి ఎవరూ లేరు.

ఇక దాన్ని ఆస్పత్రికి చేర్చాలి. పొద్దున డాక్టర్లు తిరిగే వేళ బయటివాళ్ళని రానివ్వరు. రానిచ్చే వేళకి నేను ఫ్యాక్టరీలో ఉంటాను. షిఫ్ట్ మార్చమని ఫోర్‌మన్‌ని అడిగితే, ఆలోచిస్తానన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. శని, ఆదివారాలే నేను తన దగ్గర కూర్చోగలిగింది. వదినది అదే ఆస్పత్రిలో వేరే వార్డు, అప్పుడు ఆవిడదీ మధ్యాహ్నం డ్యూటీయే. వెళ్తూ మా యూనిట్ ముందు కారు ఆపి ఫ్లాస్క్ తీసుకెళ్తానంది. నోట్లో పుళ్ళు లేని రోజుల్లో తాగనివ్వచ్చా అని డాక్టర్ని అడిగింది కూడా ఆవిడే. "ఏది తినగలిగితే అది తిననివ్వండి" అన్నాడట డాక్టరు. ఆ మాట విని నేను సంతోషించాను. వదిన సంతోషించలేదు. ఆశ వదులుకున్నాకే డాక్టర్లు ఆ మాట అంటారని నాకు తరవాత అర్థమైంది.

ఫ్లాస్క్‌తో ఒక చిక్కు వచ్చింది. సాయంత్రం దాకా మూతపెట్టి ఉంచితే సూప్ పల్చబడి, పులుపు చచ్చి, మిరియాలు మాత్రం మిగిలేవి. అందుకని వెనిగర్‌లో పచ్చిమిరప ముక్కలు నానబెట్టి వేరే చిన్న సీసాలో ఇచ్చేవాణ్ణి. తాగే ముందే కలపాలి. వదిన తన బ్రేక్‌లో చెల్లెలి వార్డుకి వెళ్ళి, అక్కడి చిన్న వంటగదిలో సూప్ వేడిచేసి, మంచం దగ్గరికి తెచ్చి, చెల్లెలి కళ్ళ ఎదురుగా వెనిగర్ పోసి కలిపేది. అంటే ఆ సూప్‌కి ఆఖరి చెయ్యి వదినది. మా ఆవిడ చూసింది ఆ చేతినే. నా ప్రశ్నంతా ఇక్కడే ఉంది కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజే కారు అద్దం దించి వదిన అంది, "మరిదిగారూ, ఒక మాట. మీరు చేశారని దానికి చెప్పను."

"ఎందుకని?"

"ఏడుస్తుంది. షిఫ్ట్ చేసొచ్చి పొద్దున్నే స్టవ్ దగ్గర నిలబడుతున్నారని తెలిస్తే ఫ్లాస్క్ ముట్టదు. మొన్న మీరు చేసింది తల్చుకుని నవ్వుతా ఉంది, అది వేరే సంగతి. ఇంటికొచ్చాక మీరే చెబుదురుగాని."

"మీరు చేశారంటారా?"

"నేనేం అన్ను. తాగమంటాను, అంతే. షిఫ్ట్‌కి లేటవుతోంది, ఇటివ్వండి."

నేను ఒప్పుకున్నాను. ఇంటికొచ్చాక గోడకి ఆనుకుని నిలబడమని, తన ఎదురుగానే చేసి, పోపు పెట్టకుండా దించి, గిన్నె చేతికివ్వాలని నాకూ ఉంది. వదిన మనసులో ఇంకోటి ఉందని కూడా నాకు తెలుసు. మా వైపు ఆడపిల్ల మంచాన పడితే పుట్టింటివాళ్ళు చేసి పంపాలి. సిడ్నీలో మా ఆవిడకి పుట్టిల్లంటే వదినే. అక్క ఉండగా మొగుడు వండి పంపాడంటే చర్చిలో ఆంటీలు ఏమంటారో వదినకి బాగా తెలుసు. అది నేను తప్పుపట్టను. అప్పట్లో తప్పుపట్టలేదు.

శనివారాల్లో తను నాతో సూప్ సంగతి చెప్పేది. "సాయంత్రం పూట ఒక్కటే బాగుంటుందండీ. ముక్కు కారుతుంది. బతికే ఉన్నానని తెలుస్తుంది." నేనే చేశానన్న మాట నోటిదాకా వస్తే ఆపుకునేవాణ్ణి. ఒకసారి క్యారెట్ తరుగుతూ వేలు కోసుకున్నాను. కట్టు చూసి ఏమిటని అడిగింది. మెషిన్ దగ్గర అన్నాను. నా చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, కట్టు విప్పి, గాయాన్ని చాలాసేపు చూసింది. మళ్ళీ తనే జాగ్రత్తగా కట్టింది. "చూసుకోండి" అంది. అంతే. అప్పుడు తన మొహంలో ఉన్నది నవ్వా, నీరసమా? ఎన్నోసార్లు గుర్తు చేసుకున్నాను. ఒకరోజు నవ్వులా కనిపిస్తుంది, ఒకరోజు కనిపించదు.

అది వారం మధ్యలో జరిగింది. సాయంత్రం వదిన ఫ్యాక్టరీకి ఫోన్ చేసింది. ఆ కబురు నాకు స్మోకోలో, అంటే టీ బ్రేక్ ఇచ్చాక చెప్పారు. మెషిన్ల లైన్ ఆపలేకపోయారట. టాక్సీ కోసం గేటు దగ్గర నిలబడేసరికే అంతా అయిపోయింది. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అడ్డుపడిందన్నారు. ఎవరూ అనుకోలేదన్నారు. నేను వెళ్ళేసరికి దుప్పటి సర్ది పెట్టారు. పక్కన బల్ల మీద గిన్నె ఉంది. సగానికి పైగా తాగిన సూప్, మీద మీగడలా పొర కట్టి ఉంది. వెనిగర్ సీసా ఖాళీ.

కారిడార్‌లో వదిన నా చొక్కా పట్టుకుని నిలబడింది. యూనిఫాంలోనే ఉంది. "బాగా తాగింది మరిదిగారూ. ఇంత ఎప్పుడూ తాగలేదు. మీ గురించి అది ఏమందంటే..." అంది. అప్పుడే లిఫ్ట్ తలుపు తెరుచుకుని తోడల్లుడు వచ్చాడు. వదిన నన్ను వదిలేసి ఆయన మీద పడి ఏడ్చింది. నన్ను ఎవరో ఒక గదిలోకి పిలిచి సంతకాలు పెట్టించారు. తిరిగొచ్చేసరికి వదిన ఆ గిన్నె కడిగి బోర్లించేసింది.

ఆ మాట అక్కడే ఆగింది.

అంత్యక్రియలయ్యాక ఆదరణ కూడిక వదినవాళ్ళింట్లోనే జరిగింది. మా తెలుగు సంఘంలో పెద్దాయన ప్రార్థన చేసి, తరవాత కృతజ్ఞతలు చెప్పాడు. డాక్టర్లకి, అంత్యక్రియలకి హాలు ఇచ్చిన చర్చికి, కుర్చీలు తెచ్చినవాళ్ళకి. ఆ తరవాత వదిన వైపు చెయ్యి చూపించాడు. "మన సిస్టర్ అటు డ్యూటీ, ఇటు పిల్లలు, అన్నీ చూసుకుంటూ రోజూ తన చేతులతో సూప్ కాచి చెల్లికి తాగించింది. చివరి రోజు కూడా తాగించింది. ఇటువంటి అక్క ఎంతమందికి ఉంటుందండీ?" అన్నాడు. అందరూ ఆమేన్ అన్నారు. నేను మొదటి వరసలో ఉన్నాను. వదిన వైపు చూశాను. చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ చెంగు తీసి ఒక్క మాట అంటుందని చాలాసేపు చూశాను.

భోజనాల దగ్గర పెద్దాయన్ని పట్టుకున్నాను. "అంకుల్, ఆ సూప్ చేసింది నేను."

"అలాగా బ్రదర్? మంచిది. అయినా భర్తకి థ్యాంక్స్ ఏంటి, ఎవరింట్లోవాళ్ళకి ఎవరు చెప్పుకుంటారు? పెరుగు వేసుకోండి."

పెరుగు వేశారు. నేను తినలేదు.

ఆ తరవాత వదినని అడగడం మొదలుపెట్టాను. ఫోన్ చేస్తే పిల్లలు ఎత్తి "మమ్ ఈజ్ స్లీపింగ్" అనేవాళ్ళు. నైట్ డ్యూటీకి మార్పించుకుందట. ఇంటికి వెళ్తే టీ ఇచ్చేది, ఇడ్లీ పెట్టేది, నా చొక్కా బొత్తం ఊడితే కుట్టి ఇచ్చేది. ఆ మాట ఎత్తగానే "ఇప్పుడెందుకు మరిదిగారూ అవన్నీ" అని లేచిపోయేది. తోడల్లుడు టీవీలో క్రికెట్ మీంచి కళ్ళు తిప్పకుండా, "సూపే కదా తమ్ముడూ. ఆమాటకొస్తే సగం వంట మా ఆవిడదేగా, ఆఖర్న వెనిగర్ పోసి కలిపింది ఎవరు?" అన్నాడు. తమాషాకి అన్నాడు. నేను నవ్వలేదు. ఇంటికొచ్చాక ఆ మాటే పట్టుకుంది. పోసి కలిపింది ఎవరు? మా ఆవిడ చూసింది ఎవరిని?

ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. నేను వెళ్ళేసరికి వాళ్ళ వంటిల్లంతా వెనిగర్ వాసన. వదిన పెద్ద గిన్నె నిండా ఆ సూప్ చేసింది. "చెల్లికి ఇష్టమని" అందరికీ పోసి ఇస్తున్నారు. నా చేతికీ ఒక కప్పు ఇచ్చారు. తాగాను. వెనిగర్ ముందే పోసి మరిగించింది. చప్పగా, వాసనగా ఉంది. పైన కొత్తిమీర. అడుగున, నేను తప్పుగా చూడలేదు, రెండు ఆవగింజలు.

"అచ్చం ఇదే కదా సిస్టర్ పాపం రోజూ తాగింది" అంది ఒకావిడ.

"కాదు" అన్నాను. గట్టిగానే అన్నాను. "ఇది ఆ సూప్ కాదు. అందులో పోపు ఉండదు. వెనిగర్ మరిగించకూడదు. రోజూ చేసినవాళ్ళయితే ఈ తప్పు చెయ్యరు."

పెద్దాయన దగ్గాడు. వదిన కప్పుల పళ్ళెం బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్ళాను. సింక్ దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది.

"మీకేం కావాలి మరిదిగారూ? సూప్ మీరే చేశారని అందరి ముందూ చెప్పమంటారా? పదండి, ఇప్పుడే చెప్తాను."

అదే మాట ఏడాది ముందు అని ఉంటే నేను పొంగిపోయేవాణ్ణి. ఆ నిమిషంలో నాకు అదేమీ అక్కర్లేదని నాకే తెలిసింది.

"వద్దు. ఆరోజు అది ఏమందో చెప్పండి. నేను చేశానని తెలుసా దానికి?"

ఆవిడ నా వైపు తిరిగింది. ఏదో అనబోయింది. పెదవులు కదలడం చూశాను. తోడల్లుడు గుమ్మంలోంచి "వద్దులేవే" అన్నాడు. అంటే ఆయనకి తెలుసన్నమాట. చెల్లెలు నా గురించి అన్న మాట తోడల్లుడికి తెలుసు, నాకు తెలియదు. వదిన కుళాయి తిప్పింది. "గ్లాసులు కాస్త హాల్లో పెట్టండి మరిదిగారూ" అంది. పెట్టాను. పెట్టి, ఎవరితో చెప్పకుండా నడుచుకుంటూ వచ్చేశాను. నన్ను ఎవరూ వెనక్కి పిలవలేదు. అది కూడా రాసి పెడుతున్నాను.

ఆనాటినుంచీ వదిన సగంలో ఆపిన మాట మా ఇంట్లో వంద రకాలుగా పూర్తవుతోంది. "ఆయనే చేస్తున్నారని నాకు తెలుసక్కా" అని ఉండవచ్చు. "ఆయన శనివారం కూడా ఖాళీ చేతులతో వస్తారేంటి" అని ఉండవచ్చు. "నువ్వు చేస్తున్నావు, ఆయనకి ఏం పట్టదు" అని ఉండవచ్చు. ఈ మూడోది అని ఉంటే వదిన నాకు చెప్పలేకపోయి ఉంటుంది, అది నాకు అర్థమవుతుంది. చెప్పలేకపోవడం వేరు, నాకు అక్కర్లేదని వాళ్ళిద్దరూ నిర్ణయించడం వేరు. ఇప్పటికీ ఆదివారం రెండు గిన్నెల సూప్ చేస్తాను. ఒక గిన్నె నాది. రెండోది వండే అలవాటు పోక వండేది. స్టవ్ ఆపి, వెనిగర్ సీసా చేతిలో పట్టుకుని, ఎవరు పొయ్యాలో తెలియనట్టు కాసేపు నిలబడతాను.

వదినా, మీరు నా ఫోన్లు ఎత్తకపోయినా ఇది చదువుతారు. ఆస్పత్రిలో చెల్లెల్ని చూసుకున్నది మీరు. నేను లేని సాయంత్రాలన్నీ ఉన్నది మీరు. ఆ సూప్ పేరు మీరే ఉంచుకోండి, సంఘంలో మీకే ఆమేన్ చెప్పనివ్వండి, నేను ఇక లేచి నిలబడను. కానీ మా ఆవిడ ఆఖరుసారి నా గురించి అన్న మాట మీది కాదు. తోడల్లుడిదీ కాదు. అది మంచి మాటైతే ఇన్నాళ్ళు దాచినందుకు మిమ్మల్ని క్షమిస్తానని చెప్పలేను. చెడ్డ మాటైతే ఊరుకుంటాననీ మాట ఇవ్వలేను. నా స్వభావం మీకు తెలుసు. అయినా చెప్పండి. "మీ గురించి అది ఏమందంటే" అన్నారు. ఏమంది? నేను చేశానని తెలిసే తాగిందా, తెలియక తాగిందా? ఎవరి వెనకా దాక్కోకుండా, కుళాయి తిప్పకుండా, నాకు జవాబు చెప్పండి.